హోమ్ కట్టేముందు ఆ పిల్లల అమ్మని అడిగారా?

పోయిన నెల ఈ పేజీలో చిల్డ్రన్స్ హోమ్‌ల గురించి ఓ నాలుగు లైన్లు రాశాను, దిక్కులేని పిల్లలు అని మనం అనుకునేవాళ్ళలో చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు అని. అంతే, ఇన్‌బాక్స్ నిండిపోయింది. మెచ్చుకున్నవాళ్ళు కొందరు, "మీరు విశ్వాసి అయ్యుండి సేవనే తప్పు పడతారా" అని గట్టిగా తిట్టినవాళ్ళు ఇంకొందరు. అందుకే ఈ నెల సంబంధాలు, అత్తాకోడళ్ళ గొడవలు పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశా. పొడుగు ఉత్తరాలు కొంచెం కత్తిరించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: అక్కా వందనాలు. మేం డల్లాస్‌లో ఉంటాం. మా తెలుగు ఫెలోషిప్‌లో పన్నెండు కుటుంబాలు కలిసి ప్రకాశం జిల్లాలో మా నాన్నగారి ఊళ్ళో 50 మంది పిల్లలకి హోమ్ కట్టాలని ప్రార్థన చేసి నిర్ణయించుకున్నాం. 40 సెంట్ల స్థలం ఉంది, ప్లాన్ కూడా గీయించాం. మీరు రాసింది చదివాక మా ఆవిడ ఆగండి అంటోంది. ఇంగ్లండ్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ గారు చేసింది కూడా ఇదే కదా, అందులో తప్పేంటి?

జవాబు: ముందు మీ ఆవిడకి నా తరఫున థాంక్స్ చెప్పండి తమ్ముడూ.

ప్లాన్ గీయించాం అన్నారు, 50 మంది అన్నారు, ఆ యాభై మంది ఎవరు? ఇంకా తెలీదు కదా. అక్కడే వస్తుంది తంటా. బిల్డింగ్ ముందు లేస్తుంది, మంచాలు ముందు వస్తాయి, రిబ్బన్ కటింగ్‌కి మీరు అమెరికా నుంచి వచ్చే టైముకి ఆ మంచాలు నిండాలి కాబట్టి ఎవరో ఒకాయన జీపేసుకుని ఊళ్ళు తిరుగుతాడు, మొగుడు పోయిన ఆవిడో బెంగళూరు పనికి పోదామనుకుంటున్న జంటో దొరుకుతారు, "మీ పిల్లాడికి ఇంగ్లీష్ మీడియం, మూడు పూటలా అన్నం" అంటాడు, వాళ్ళు ఏడుస్తూనే పంపుతారు. ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు, ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదు, ఐనా సంవత్సరం తిరిగేసరికి అమ్మ ఉన్న యాభై మంది పిల్లలు అనాథలైపోతారు. ఇది మన జిల్లా కథే కాదు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి హోమ్‌లలో ఉన్న పిల్లల్లో ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ వాళ్ళు 2009లోనే రిపోర్టు ఇచ్చారు. పేదరికం, ఊళ్ళో స్కూల్ లేకపోవడం, జబ్బు, తాగుడు, ఇవీ కారణాలు. అంటే పిల్లాడికి లేనిది కుటుంబం కాదు, కుటుంబానికి లేనిది డబ్బు.

ఇక ముల్లర్ గారు. మనవాళ్ళు ప్రసంగాల్లో ఆయన ప్రార్థన చేస్తే పాలబండి గుమ్మం ముందే ఆగిపోయిందన్న కథ చెప్తారు గానీ దీని సంగతి చెప్పరు: బ్రిస్టల్‌లో 1836లో ఆయన మొదలుపెట్టిన హోమ్‌లో చేర్చుకోవాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయి ఉండాలి. ఒక్కరు బతికున్నా తీసుకునేవారు కాదు. అమ్మ ఉందంటే ఆయన రూలు ప్రకారం మన హోమ్‌ల పిల్లల్లో ఎక్కువమందిని గేటు దగ్గరే వెనక్కి పంపేసేవారు. ఆయన బతికుండగా సుమారు పదివేలమందిని చూశారు, ఆష్లీ డౌన్‌లో 1870 నాటికి ఐదు పెద్ద పెద్ద భవనాలు లేచాయి, కాదనను. కానీ ఆయన తర్వాత ఆ సంస్థవాళ్ళే పెద్ద భవనాల్లో పిల్లల్ని పెంచడం మంచిది కాదని 1958లో అవి అమ్మేసి చిన్న చిన్న ఇళ్ళకి మారిపోయారు. మనం మాత్రం ఇంకా 1870 బ్లూప్రింట్ పట్టుకుని కూర్చున్నాం.

మీది ప్రకాశం జిల్లా అన్నారు కాబట్టి మీ తాతల నాటి సంగతే ఒకటి. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర గారు ఏం చేశారు? ఆయనకి సర్వే పని తెలుసు, బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. మొగుడూ పెళ్ళాం పిల్లలూ కలిసి వచ్చారు, పార పట్టారు, కూలి తీసుకున్నారు, గింజలు కొనుక్కున్నారు. కూడు కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు పనులు జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు కూడా. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ నంబరు మీ ఫెలోషిప్‌లో పెద్దవాళ్ళందరికీ నోటికొచ్చి ఉంటుంది, దాని ముందు తవ్విన కాలవ మాత్రం గుర్తుండదు.

మనం ప్రతి హోమ్ గోడ మీదా రాయించే వాక్యం యాకోబు పత్రికది, "దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుట" అని. అందులో ఇద్దరున్నారు చూడండి, పిల్లలూ విధవరాలూ ఒకే వరసలో. పరామర్శించుట అంటే వాళ్ళున్న చోటికి వెళ్ళడం. మనం ఏం చేశామంటే పిల్లల్ని మన దగ్గరికి తెచ్చుకుని విధవరాల్ని గేటు బయట వదిలేశాం. నేను చెప్పాలనుకున్నది నిజానికి ఈ ఒక్క ముక్కే, మిగతాదంతా దీనికి వివరణ.

చిన్నపిల్లలైతే మరీ. రొమేనియాలో నియంత చౌసెస్కూ పోయాక లక్షమందికి పైగా పిల్లలు ప్రభుత్వ హోమ్‌లలో బయటపడ్డారు కదా. అక్కడ 2000 ప్రాంతంలో బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల్ని తీసుకుని సగం మందిని ఫాస్టర్ కుటుంబాల్లో (కన్నవాళ్ళు కాకపోయినా పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్ళు) పెట్టి ఏళ్ళ తరబడి చూశారు. కుటుంబంలోకి వెళ్ళినవాళ్ళ తెలివి, మెదడు ఎదుగుదల మెరుగ్గా ఉంది, రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళది ఇంకా మెరుగు. అన్నం ఇద్దరికీ ఉంది. ఎత్తుకునే మనిషి ఒక్కరే అవ్వడం, రోజూ అదే మనిషి అవ్వడం, అదీ తేడా.

లీగల్ సంగతి కూడా చెప్తా, ఎవరూ చెప్పరు కాబట్టి. పిల్లల రక్షణ కోసం ఉన్న చట్టం, జేజే యాక్ట్ 2015 కింద రిజిస్ట్రేషన్ లేకుండా హోమ్ నడిపితే సంవత్సరం వరకు జైలు, లేకపోతే లక్షకి తగ్గని జరిమానా, రెండూ కూడా పడొచ్చు. డబ్బు సంగతి: మీ పన్నెండు కుటుంబాల్లో ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా సిటిజన్‌షిప్ తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళు పంపితే వస్తుంది, అప్పుడు ఇక్కడి సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో అకౌంట్ ఉండాలి. పాస్టర్ గారి సొంత అకౌంట్‌కి కొట్టేయడం కుదరదు. ఆయన్ని ఇరికించినవాళ్ళవుతారు.

మరి 40 సెంట్లు ఏం చేయాలి అంటారా? ఒక షెడ్డు వేయండి చాలు. సాయంత్రం 4 నుంచి 7 దాకా ట్యూషన్, కడుపునిండా ఒక పూట తిండి, రాత్రికి ఎవరింటికి వాళ్ళు. మిగిలిన డబ్బు ఆ ఊళ్ళో, పక్క రెండు ఊళ్ళలో ఏ తల్లి పిల్లల్ని వదిలి వలస పోదామనుకుంటోందో కనుక్కుని ఆవిడకి రెండు గేదెలో కుట్టుమిషనో అప్పు తీర్చడమో. ఫోటోకి బాగోదు, నిజమే. రిబ్బన్ కట్ చేయడానికి గేదెకి రిబ్బన్ కట్టాల్సొస్తుంది.

ప్రశ్న: మేడం, నా భర్త రెండేళ్ళ క్రితం చనిపోయారు. మాది మహబూబ్‌నగర్ వైపు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఇళ్ళల్లో పని చేస్తున్న, నెలకి 7,500 వస్తయి. పాపకి పదకొండు, బాబుకి ఏడు. చర్చిలో ఒక అన్న ఇద్దరినీ వైజాగ్ దగ్గర హోమ్‌లో వేస్త, పైసలేం అవసరం లేదు అంటుండు. నాకు మనసు ఒప్పుతలేదు కానీ పిల్లల బతుకు బాగుపడుతదేమో అనిపిస్తుంది. (ఈ ఉత్తరం ఆమె పాప రాసిపెట్టింది.)

జవాబు: అమ్మా, మీ మనసు ఒప్పుకోలేదు కదా, దాని మాట వినండి. ఆ అన్న మంచివాడే కావచ్చు. కానీ వైజాగ్ ఎక్కడ, హైదరాబాద్ ఎక్కడ, పిల్లాడికి జ్వరమొస్తే మీరు రాత్రికి రాత్రి వెళ్ళగలరా?

మీరు చేయాల్సింది ఇది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఫ్రీ, ఏ ఫోన్ నుంచైనా. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కావాలి అని ఆ మాటే చెప్పండి. భర్త చనిపోయిన తల్లి దగ్గర ఉన్న పిల్లలకి నెలకి ఒక్కొక్కరికి 4,000 చొప్పున ఇచ్చే స్కీమ్ అది, పిల్లల్ని ఎక్కడికీ పంపక్కర్లేదు, స్కూల్‌కి వెళ్తుండాలి అంతే. సిటీలో ఏడాదికి 96,000 లోపు ఆదాయం ఉండాలి, మీది 90,000, సరిపోతుంది. పల్లెల్లో ఐతే 72,000. జిల్లా చైల్డ్ ప్రొటెక్షన్ ఆఫీసులో అప్లికేషన్ తీసుకుంటారు. మీ ఆయన డెత్ సర్టిఫికెట్, అందరి ఆధార్, ఆదాయం సర్టిఫికెట్, స్కూల్ నుంచి బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్, అన్నీ జిరాక్స్‌లు రెండేసి సెట్లు. డబ్బు ఠంచనుగా పడుతుందని నేను హామీ ఇవ్వను, తిరగాల్సొస్తుంది, ఒకసారి సారు లేడంటారు, ఇంకోసారి సర్వర్ లేదంటారు. ఆ అన్నని మీతో పాటు ఆఫీసుకి రమ్మనండి. పిల్లల్ని వైజాగ్ దాకా తీసుకెళ్ళగలిగినోడు మిమ్మల్ని కలెక్టరేట్ దాకా తీసుకెళ్ళలేడా? భర్త పోయినవాళ్ళకిచ్చే పెన్షన్ ఇంకా పెట్టుకోకపోతే అదీ ఆ రోజే కనుక్కోండి.

పాప ఆరో తరగతికి వచ్చింది కాబట్టి కస్తూర్బా స్కూల్ కూడా ఆలోచించొచ్చు, అది ప్రభుత్వానిది, సెలవులకి ఇంటికొస్తుంది, రికార్డుల్లో అమ్మగా మీ పేరే ఉంటుంది. బాబుని మాత్రం దగ్గరే పెట్టుకోండి. పాపా, నువ్వు రాసిన అక్షరాలు చాలా బాగున్నాయి.

ప్రశ్న: ప్రియమైన సిస్టర్ గారికి. నేను పాస్టర్ గారి భార్యని, పల్నాడు జిల్లా. 18 ఏళ్ళుగా హోమ్ నడుపుతున్నాం, రిజిస్ట్రేషన్ ఉంది, ఇప్పుడు 22 మంది ఉన్నారు. సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) వాళ్ళు వచ్చి ఒక్కొక్కరినీ ఇంటికి పంపేయాలి అంటున్నారు. మేం క్రైస్తవులమనే కదా ఇదంతా? నా పిల్లల్ని నేను ఎలా పంపను? ఇంటికి పంపితే పాడైపోతున్నారు కూడా, తొమ్మిదేళ్ళ బాబు సంక్రాంతికి వెళ్ళొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు, గేటు దగ్గరే కూర్చున్నాడు. అందుకే సెలవులకి పంపడం తగ్గించేశాం.

జవాబు: సిస్టర్ గారూ, 18 ఏళ్ళు, ఎంతమందికి తలలు దువ్వి ఉంటారు, ఎన్ని రాత్రులు జ్వరాలకి మేలుకుని ఉంటారు. అది ఎవరూ తీసేయలేరు. నేనూ తీసేయను. కానీ ఆ బాబు సంగతి మీరు చదివిన పక్క నుంచి కాకుండా అవతలి పక్క నుంచి ఒకసారి చదవండి. వాడు పాడైపోలేదు. అమ్మని వదిలొచ్చాడు, అందుకని గేటు దగ్గర కూర్చున్నాడు. సెలవులు తగ్గిస్తే గేటు దగ్గర కూర్చోడం మానేస్తాడు, అది నిజమే, కానీ అది బాగుపడటం కాదండీ, అలవాటుపడటం.

మతం వల్లనా అంటే, అధికారుల్లో అలాంటి బుద్ధి ఉన్నవాళ్ళు అస్సలు లేరని నేనెందుకంటాను. 2020 సెప్టెంబర్‌లో జాతీయ బాలల హక్కుల కమిషన్ మన రెండు రాష్ట్రాలతో కలిపి ఎనిమిది రాష్ట్రాలకి రాసింది, హోమ్‌లలో పిల్లల్ని వంద రోజుల్లో ఇళ్ళకి పంపండి అని, అదీ కరోనా టైములో. వంద రోజుల్లో ఎవరి ఇల్లు చూస్తారు, ఎవరితో మాట్లాడతారు? అది తొందరపాటు, అప్పుడే చాలామంది అన్నారు. కానీ పని తొందరగా చేయమన్నారని పనే తప్పు అనుకోకూడదు. ప్రతి పిల్లాణ్ణీ హోమ్‌లోనే పెట్టక్కర్లేదని 2017 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, 2009లో ఐక్యరాజ్యసమితి గైడ్‌లైన్స్‌లో ఐతే, పేదరికం ఒక్కటే కారణంగా పిల్లాణ్ణి కుటుంబం నుంచి తీయకూడదని ఉంది.

అన్నిటికన్నా మీకు నచ్చే సంగతి, ఈ పనిలో ఇప్పుడు ముందున్నది చర్చి మనుషులే. ఉగాండాలో అచ్చం మీలాగే హోమ్‌లు నడిపే క్యాథలిక్ సిస్టర్స్ 2016లో కలిసి కూర్చుని, పిల్లల్ని కుటుంబాల్లోకి చేర్చే పని మనమే చేద్దాం అని మొదలుపెట్టారు. సిస్టర్స్ వెళ్ళి సోషల్ వర్క్ కోర్సులు చదువుకున్నారు, తర్వాత జాంబియా, మలావీలో సిస్టర్స్ అందుకున్నారు, 2020కల్లా రోమ్‌లోని వాళ్ళ అంతర్జాతీయ సంఘం దాకా వెళ్ళింది. రువాండా చూడండి. 1994 మారణహోమంలో అన్ని లక్షలమంది చచ్చిపోయిన దేశం, నిజంగా తల్లీతండ్రీ లేని పిల్లలు కుప్పలుతెప్పలు. అలాంటి దేశమే 2012లో, మా దేశంలో 33 హోమ్‌లున్నాయి, 3,300 మంది పిల్లలున్నారు, వీళ్ళందరినీ ఇళ్ళకి చేరుద్దాం అని పూనుకుంది. ఆ కార్యక్రమానికి వాళ్ళ భాషలో పెట్టుకున్న పేరు తుబరెరెరె ము ముర్యాంగో, పిల్లల్ని ఇంట్లోనే పెంచుదాం అని అర్థం. తమ ఇంట్లో పిల్లల్ని పెట్టుకునే కుటుంబాలని మలయిక మురింజి అంటారు, కాపలా దేవదూత అన్నమాట. మన స్త్రీల సమాజంలో అలాంటి దేవదూతలు ఓ పదిమంది దొరకరంటారా?

ఎలా పంపాలి అంటే, ఒకేసారి 22 మందినీ బస్సెక్కించడం కాదు. ఒక్కొక్కరికీ ఒక నోట్‌బుక్ పెట్టండి. అమ్మ ఎక్కడుంది, అమ్మమ్మ ఉందా, మేనమామ తీరు ఏంటి, ఇంట్లో తాగేవాళ్ళున్నారా, రేషన్ కార్డులో పిల్లాడి పేరుందా (చాలామందిది ఉండదు, హోమ్‌కి వచ్చాక తీసేస్తారు). మీరే స్వయంగా ఆ ఇంటికెళ్ళి ఒక పూట అన్నం తిని రండి, సగం సంగతులు అక్కడే తెలిసిపోతాయి. కొట్టిన ఇంటికి, పాడుబుద్ధి మనిషున్న ఇంటికి పంపొద్దు, అలాంటి పిల్లల గురించి సీడబ్ల్యూసీకి రాసి ఇవ్వండి, వాళ్ళకి వేరే బంధువులో ఫాస్టర్ కుటుంబమో చూడాలి. మిగతావాళ్ళని ముందు వారం, తర్వాత వేసవి మొత్తం, జూన్‌లో స్కూల్ మార్పు. పంపాక ఏడాది రెండేళ్ళు వెళ్ళి చూస్తూ ఉండాలి, ఆ ఖర్చు బడ్జెట్‌లో రాసుకోవాలి.

బడ్జెట్ అనగానే మీ గుండెల్లో రాయి పడిందని తెలుసు. దాతలు తలకింత అని పంపుతారు, తల తగ్గితే డబ్బు తగ్గుతుంది, వంటామె జీతం ఎక్కడి నుంచి? చాలా హోమ్‌లు పిల్లల్ని పంపలేకపోవడానికి అసలు కారణం ప్రేమ కాదు, ఈ లెక్క. మీ దాతలకి ఉన్నదున్నట్టు రాయండి: 22 మంది హోమ్‌లో ఉన్నారు అని కాకుండా 22 మంది ఇంట్లో ఉన్నారు, మేం నెలనెలా వెళ్ళి చూస్తున్నాం అని. కొందరు మానేస్తారు. ఉండేవాళ్ళు ఉంటారు. అమెరికాలో షికాగోలో 2003 నుంచి సేఫ్ ఫ్యామిలీస్ అని ఒకటి నడుస్తోంది. తల్లి ఆసుపత్రిలో పడ్డా, ఇల్లు పోయినా ఆ నాలుగు వారాలో ఆరు వారాలో సంఘంలో ఒక కుటుంబం పిల్లల్ని ఊరికే చూసుకుని తిరిగి తల్లికే ఇచ్చేస్తుంది, హక్కులన్నీ తల్లివే. మన పల్లెల్లో పక్కింటి పిన్ని చేసేదే ఇది, వాళ్ళు దానికి ఫారాలు, తనిఖీలు పెట్టారంతే. మీ బిల్డింగ్‌ని అలాంటి పనికి వాడొచ్చు.

ప్రశ్న: నెలకి ఇంత అని పిల్లల్ని స్పాన్సర్ చేయడం అంతా మోసం అని మా ఆఫీసులో అంటున్నారు, నిజమా? నేను మూడేళ్ళుగా ఒక పాపకి పంపుతున్నాను. (బెంగళూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: అంతా మోసం కాదు. ఈ స్పాన్సర్‌షిప్ పద్ధతి కొరియా యుద్ధం టైములో ఊపందుకుంది, వరల్డ్ విజన్ 1950లో, కంపాషన్ 1952లో మొదలయ్యాయి, రెండూ క్రైస్తవ సంస్థలే. కంపాషన్ పిల్లల మీద ముగ్గురు ఎకనామిస్టులు ఆరు దేశాల్లో (మన దేశం కూడా ఉంది) పదివేలమంది వివరాలు తీసుకుని 2013లో పేపర్ రాశారు. సాయం అందిన పిల్లలు సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు, పెద్దయ్యాక జీతం ఉద్యోగాల్లో కూడా ఎక్కువమంది ఉన్నారు. ఆ పిల్లలు ఇళ్ళల్లోనే ఉండి చదువుకున్నారు, గమనించండి. అదే కంపాషన్ విదేశీ నిధుల ఆంక్షల వల్ల 2017 మార్చిలో మన దేశంలో మూసేయాల్సొచ్చింది, అప్పటికి దాదాపు 1,45,000 మంది పిల్లలు అందులో ఉన్నారు. ఆ ఏడాది మధ్యలో ఫీజులు కట్టలేక స్కూల్ మానేసినవాళ్ళు నాకు తెలుసు.

నేనూ స్పాన్సర్ పిల్లనే అండీ. నాన్న పోయాక ఎనిమిదో ఏట బోర్డింగ్‌లో చేరాను, అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళేది. క్రిస్మస్ ముందు ఫారిన్ అంకుల్‌కి ఉత్తరం రాయించేవాళ్ళు, బోర్డు మీద రాసిపెడితే మేం చూసి దించేవాళ్ళం. మూడో లైను నాకింకా గుర్తుంది, "నాకు ఎవరూ లేరు, మీరే నాకు తల్లీ తండ్రీ". ఆ రోజు రెండో ఆదివారం, మా అమ్మ విజిటింగ్‌కి వచ్చి గేటు బయట వేపచెట్టు కింద కూర్చునుంది, లోపల నేను అది దించుతున్నా. ఆ బోర్డింగ్ నాకు చదువిచ్చింది, లెక్కలు నేర్పిన టీచరమ్మ ఉండబట్టే నేనీ రోజు ఇలా ఉన్నా, కృతజ్ఞత లేదని కాదు. కానీ ఆ లైను ఎందుకు రాయించారో ఇప్పటికీ అర్థం కాదు, అమ్మ ఉంది, కష్టపడుతోంది అని రాస్తే ఆ అంకుల్ డబ్బు ఆపేసేవాడా?

కాబట్టి మీరు పంపే సంస్థని ఒక్కటి అడగండి, పాప ఎవరి దగ్గర నిద్రపోతుంది అని. ఇంట్లో అంటే పంపుతూ ఉండండి. హోమ్‌లో అంటే, ఇంటికి పంపడానికి ప్లాన్ ఏంటి అని రెండో ప్రశ్న.

ప్రశ్న: మిషనరీలు పిల్లల్ని కుటుంబాల నుంచి విడదీసి మతం మార్చారు, ఇప్పుడు కుటుంబాలు బలపరుస్తాం అంటే నమ్మాలా? కెనడాలో ఏం జరిగిందో చదివాను. (ఎంఏ స్టూడెంట్, వరంగల్)

జవాబు: చదివింది నిజమే. కెనడాలో ప్రభుత్వం డబ్బిచ్చి చర్చిలతో నడిపించిన రెసిడెన్షియల్ స్కూళ్ళలో వందేళ్ళకి పైగా లక్షా యాభైవేలమంది ఆదివాసీ పిల్లల్ని పెట్టారు, వాళ్ళ భాష మాట్లాడితే కొట్టారు, వేలమంది చనిపోయారు, చివరి స్కూళ్ళు మూతపడింది 1990ల్లో. పోప్ ఫ్రాన్సిస్ 2022 జులైలో అక్కడికే వెళ్ళి క్షమాపణ అడిగారు. అంత పాత సంగతి ఎందుకు, హైతీలో 2010 భూకంపం తర్వాత అమెరికా బాప్టిస్టులు పదిమంది 33 మంది పిల్లల్ని అనాథలని చెప్పి బోర్డర్ దాటించబోయి దొరికారు, తీరా చూస్తే ఆ పిల్లలకి తల్లిదండ్రులున్నారు. వాళ్ళు దొంగలని నేననుకోను, మంచి చేస్తున్నామన్న నమ్మకం అంత గట్టిగా ఉంది, అడగాలని తోచలేదు.

నమ్మాలా అంటే, నమ్మకండి, చూడండి. కుటుంబం దగ్గర పిల్లాణ్ణి ఉంచి, ఏ మతం అని అడక్కుండా సాయం చేస్తున్నారా లేదా అని చూడండి. చేస్తున్నవాళ్ళున్నారు.

ప్రశ్న: పెళ్ళై పదకొండేళ్ళు, పిల్లల్లేరు. మా సంఘంలో ఒకావిడ, తెలిసిన హాస్పిటల్ నుంచి పాపని నేరుగా ఇప్పిస్తానంటోంది, పేపర్లు తర్వాత చూసుకోవచ్చంట. (కాకినాడ)

జవాబు: వద్దు. ఎంత ఆశగా ఉన్నా వద్దు. పద్ధతి ప్రకారం కాకుండా బిడ్డని తీసుకుంటే మూడేళ్ళ దాకా జైలు లేదా లక్ష జరిమానా లేదా రెండూ, డబ్బు చేతులు మారితే అది బిడ్డని అమ్మడం, ఐదేళ్ళ దాకా. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోండి, క్రైస్తవులకి దత్తత కుదరదన్న పాత మాట ఇప్పుడు లేదు, జేజే యాక్ట్ కింద అందరికీ కుదురుతుంది. వెయిటింగ్ ఏళ్ళు పడుతుంది, అది మాత్రం ముందే చెప్తున్నా.

ప్రశ్న: ఆంటీ, మా యూత్ ప్రతి క్రిస్మస్‌కి హోమ్‌కి వెళ్ళి కేక్ కట్ చేసి గిఫ్ట్‌లు పంచుతాం, ఫోటోలు స్టేటస్ పెడతాం. అది కూడా తప్పా? (ఇంటర్ సెకండియర్, ఏలూరు)

జవాబు: తప్పని కాదురా. ఫోటోలు మాత్రం మానేయండి, ఆ పిల్లల్లో ఎవడో రేపు మీ కాలేజీలోనే చేరతాడు, వాడి మొహం మీ స్టేటస్‌లో ఉంటుంది. చట్టం కూడా ఒప్పుకోదు.

ఈసారి ఒకటి చేసి చూడండి. హోమ్ నడిపేవాళ్ళని అడిగి, పర్మిషన్ తీసుకుని, ఏ పిల్లలకి ఇంట్లో పెద్దవాళ్ళున్నారో లిస్టు రాసుకోండి. వాళ్ళ అమ్మలకి డిసెంబర్ మొదటివారంలోనే ఫోన్ చేయండి, 24న రమ్మని. ఇప్పుడు మన దగ్గర ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సు ఫ్రీ, ఐనా ఆ రోజు కూలి పోతుందని రారు, కాబట్టి కేక్ కిలోన్నర తగ్గించి ఆ కూలి డబ్బులు ముందే ఫోన్‌పే కొట్టండి. స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఊళ్ళో కిరాణా కొట్టాయన నంబరుకి కొట్టి ఆయన్ని ఇమ్మనండి. వచ్చినవాళ్ళకి కుర్చీలు లోపల వేయండి, వేపచెట్టు కింద కాదు. మీరు స్కిట్ వేసి, పాటలు పాడి, బిర్యానీ వడ్డించి నాలుగింటికల్లా వచ్చేయండి. ఆఖరి బస్సు దాకా వాళ్ళని వాళ్ళతో వదిలేయండి.

(ఫాస్టర్ కేర్ గురించి వచ్చిన ఉత్తరాలు వచ్చే నెల చూద్దాం. రాసేటప్పుడు పిల్లల పేర్లు, హోమ్ పేర్లు రాయకండి, ఎలాగూ నేను కొట్టేస్తాను.)